లారీని పంపించండి, బల్బును ఉంచండి

(హనుమకొండలో పోలీసు అధికారులు, న్యాయవాదులు, ఇంజనీరింగ్ విద్యార్థులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత మోటారు వాహన తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో ఎస్‌ఐలు ఉన్నారు, వెనక న్యాయవాదులు ఉన్నారు, గోడ పక్కన విద్యార్థులు నిలబడి ఉన్నారు. ముగ్గురికీ పనికివచ్చే విషయమే మాట్లాడతాను కాబట్టి నేరుగా మొదలుపెడతాను.

రోడ్డు ప్రమాదంలో మనిషి చనిపోయిన కేసు ఫైలు ఏదైనా తెరవండి. ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, పంచనామా ఉంటుంది, శవపరీక్ష నివేదిక ఉంటుంది. ఆ తరువాత మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక ఉంటుంది. ఎంవీఐ రిపోర్టు అంటాం. దాని చివరి వాక్యం చాలా ఫైళ్లలో అక్షరం మారకుండా కనిపిస్తుంది: "ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరగలేదు." ఈ వాక్యంలో తప్పేమీ లేదు. బ్రేకు పనిచేస్తోందా, స్టీరింగ్ తిరుగుతోందా అని చూసి రాసిన మాట అది. అయితే చట్టం ముందు నిలిచే ప్రశ్న అదొక్కటే కాదు. ఆ రాత్రి లారీ వెనక లైటు వెలుగుతోందా? గుద్దే ముందు డ్రైవరు బ్రేకు తొక్కాడా? స్టీరింగ్ ముందు కూర్చున్నది పోలీసు స్టేషనుకు వచ్చి లొంగిపోయిన మనిషేనా? రెండు బండ్లూ రోడ్డుకు ఏ పక్కన తగులుకున్నాయి? వీటికి ఆ వాక్యంలో జవాబు దొరకదు. జవాబు బండిలోనే ఉంటుంది, కొన్ని గంటలపాటు మాత్రమే ఉంటుంది.

మన దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోయారు. ఈ అంకె మీకు కొత్త కాదు. చట్టం ఈ చావులను ఎలా చూస్తోందన్న సంగతి మాత్రం విద్యార్థుల కోసం చెబుతాను. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దాని 176(3) సెక్షను ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఇందుకు రాష్ట్రాలకు అయిదేళ్ల వ్యవధి ఇచ్చారు. మంచి నిబంధన. నిర్లక్ష్యం వల్ల మరణం భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షను కిందికి వస్తుంది. పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్లుగా ఉన్న గరిష్ఠ శిక్షను ఇందులో అయిదేళ్లు చేశారు. అయిదు అంటే ఏడుకు తక్కువే కదా. కాబట్టి మిరపకాయలు ఏరడానికి ఆటోలో వెళుతున్న కూలీలు లారీ కింద పడి నలుగురు చనిపోయినా ఆ కేసులో ఫోరెన్సిక్ నిపుణుడు రావాలన్న నియమం లేదు. పిలవకూడదన్న నియమమూ లేదు. పిలవడం దర్యాప్తు అధికారి చేతిలో ఉంది. వరంగల్‌లోనే ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. ఈ మాట ముందు వరసల్లో ఉన్నవారిని ఉద్దేశించే అంటున్నాను.

ఇక బల్బు దగ్గరికి వస్తాను.

ఇక్కడి నుంచి హసన్‌పర్తి, ఎల్కతుర్తి మీదుగా హుజూరాబాద్ వైపు రాత్రిపూట వెళ్లినవారికి తెలుసు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి ఉంటాయి. ఇంకో పక్క వడ్ల బస్తాలతో ట్రాక్టరు, పత్తి లోడుతో లారీ. పంక్చరై ఆగిన బండి వెనక రెండు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ. మోటారుసైకిలు మీద వచ్చిన కుర్రాడు వెనక నుంచి దాన్ని గుద్ది అక్కడే చనిపోతాడు. లారీ డ్రైవరు ఒకే మాట చెబుతాడు: "పార్కింగ్ లైట్లు వేసే ఉన్నాయి సార్, అతనే చూసుకోకుండా వచ్చి గుద్దాడు." కాదనడానికి ఎవరున్నారు? కుర్రాడు లేడు. తెల్లవారుజామున చూసిన సాక్షి లేడు. కేసు మృతుడి మీదకే వెళుతుంది. నిందితుడు చనిపోయాడు కాబట్టి ముగిసిపోతుంది. పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లిన భార్యకు అక్కడ రెండో దెబ్బ తగులుతుంది. మృతుడి నిర్లక్ష్యం కూడా ఉందంటూ పరిహారంలో సగం కోసినా కోస్తారు, పూర్తిగా లేదన్నా అంటారు.

ఆ లారీ వెనక లైటులో ఉండే బల్బును ఒకసారి చేతిలోకి తీసుకోండి. చాలా లారీల్లో ఇప్పటికీ గాజు బల్బే ఉంటుంది. అందులో రెండు తీగలు కనిపిస్తాయి. సన్నది అయిదు వాట్లది, వెనక లైటు కోసం. లావుది ఇరవై ఒక్క వాట్లది, బ్రేకు లైటు కోసం. రెండూ టంగ్‌స్టన్ తీగలే. వెలుగుతున్నప్పుడు ఆ తీగ వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో తీగ మెత్తబడి ఉంటుంది. ఆ క్షణంలో గట్టి దెబ్బ తగిలితే చుట్లు విడిపోయి సాగిపోతుంది, ఒక పక్కకు వంగిపోతుంది. అదే తీగ చల్లగా ఉంటే పెళుసు. దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోట అంచు పదునుగా, శుభ్రంగా ఉంటుంది, మిగతా చుట్లు చెక్కుచెదరవు.

గాజు పగిలితే సాక్ష్యం ఇంకా గట్టిది. వెలుగుతున్న తీగకు గాలి తగలగానే టంగ్‌స్టన్ కాలి ఆక్సైడ్‌గా మారుతుంది. తీగ నల్లబడుతుంది, రంగులు తేలుతుంది, బల్బు లోపల పసుపు కలిసిన తెల్లటి పొడి అంటుకుంటుంది. పగిలిన గాజు నలుసులు ఆ వేడి తీగ మీద పడితే కరిగి చిన్న పూసల్లా అతుక్కుపోతాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ పూసలు స్పష్టంగా కనిపిస్తాయి. తీగ చల్లగా ఉన్నప్పుడు పడిన గాజు అలా కరగదు. కుర్రాడు గుద్దిన దెబ్బకే గాజు పగిలినప్పుడు, సన్నని తీగ మీద పూసలు ఉంటే డ్రైవరు చెప్పింది నిజం. తీగ తళతళలాడుతూ ఉంటే వెనక లైటు వేసి ఉందన్న మాట నిలవదు. లావు తీగ కూడా సాగి ఉంటే అప్పుడు అతని కాలు బ్రేకు మీద ఉందన్నమాట, అంటే బండి ఆగి ఉందన్న కథనే మళ్లీ పరిశీలించాలి.

దీనికి హద్దులు ఉన్నాయి. దెబ్బ బల్బుకు దూరంగా తగిలితే తీగ మామూలుగానే ఉండవచ్చు. అంత మాత్రాన లైటు ఆరి ఉందని రాయకూడదు. చాలాకాలం వెలిగిన తీగ తనంతట తానే కొంత జారుతుంది, దాన్ని సాగుడు అనుకోకూడదు. ఎల్‌ఈడీ లైట్లలో తీగే ఉండదు కాబట్టి ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు స్విచ్చి ఏ స్థానంలో ఉందో, వైర్లు, ఫ్యూజు ఎలా ఉన్నాయో చూడాలి. ట్రాక్టరు ట్రాలీ సంగతి వేరు, చాలా ట్రాలీలకు వెనక లైటు పెట్టే చోటే ఉండదు. అక్కడ ఎరుపు రిఫ్లెక్టర్లు, మెరిసే పట్టీ ఉన్నాయా, ఉంటే మట్టి, పేడ పట్టి మూసుకుపోయాయా అన్నది కడగక ముందు ఫొటో తీయాలి. కడిగిన తరువాత తీస్తే ఉపయోగం లేదు.

ఒక్క హెచ్చరిక గుర్తుపెట్టుకోండి. ప్రమాదం జరిగిన బండిలో లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని స్విచ్చి వేయకండి. గాజు పగిలి, తీగ మాత్రం తెగకుండా ఉన్న బల్బులోకి కరెంటు వెళితే ఆ తీగ అప్పుడే కాలిపోతుంది. ప్రమాద సమయంలో చల్లగా ఉన్న బల్బు వెలుగుతూ ఉన్నట్టు సాక్ష్యం చెబుతుంది. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. స్విచ్చి ఏ స్థానంలో ఉందో ఫొటో తీసి, దాన్ని ముట్టుకోకుండా వదిలేయండి.

బ్రేకుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడినప్పుడు ఈ ప్రాంతమంతా ఏడ్చింది. అరవై మందికి పైగా పోయారు. ఆ కేసు లోతుల్లోకి ఇక్కడ వెళ్లను. ఆ తరువాత ఘాట్ రోడ్డు ప్రమాదం ఏది జరిగినా "బ్రేకులు ఫెయిలయ్యాయి" అన్న మాట మరింత తేలికగా వినిపిస్తోంది. ఫెయిల్ కావడం అంటే ఏమిటో బండిని విప్పి చూడాలి.

జీపులు, ఆటోలు, చిన్న గూడ్సు బండ్లలో బ్రేకు ఆయిలు ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి పడిపోతుంది. ఏళ్ల తరబడి ఆయిలు మార్చని జీపు, మోయగలిగిన దానికి రెట్టింపు జనంతో, వాలులో బ్రేకు అదిమిపట్టుకుంటూ దిగిందనుకోండి. డ్రమ్ముల వేడికి ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. మర్నాడు ఉదయం తనిఖీ అధికారి వచ్చి పెడలు తొక్కితే గట్టిగానే ఉంటుంది! బుడగలు చల్లారి మళ్లీ ద్రవం అయిపోయాయి. "బ్రేకులు పనిచేస్తున్నాయి" అని రాస్తే అది ఆ ఉదయానికి నిజం, ప్రమాదం జరిగిన క్షణానికి కాదు. ఆయిలు నమూనా తీసి, అది ఎంత వేడికి మరుగుతుందో పరీక్ష చేయిస్తే, డ్రమ్ము విప్పి లైనరు మాడి గాజులా నున్నబడిందో, డ్రమ్ము వేడికి నీలం తిరిగిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడు కేసు డ్రైవరు దగ్గర ఆగదు, బండిని ఆ స్థితిలో తిప్పిన యజమాని దాకా వెళుతుంది. ఈ ఒక్క కారణానికే నేను ఆయిలు నమూనా గురించి పట్టుబడతాను.

లారీలు, బస్సుల్లో గాలి బ్రేకులు. వాటిలో చాలాసార్లు ఏదీ విరగదు, కారదు. బ్రేకు లైనరుకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్‌ను పట్టించుకోక, గాలి ఒత్తిడికి బయటికి వచ్చి బ్రేకును నెట్టే కడ్డీ, అంటే పుష్‌రాడ్, ప్రయాణం పెరిగిపోయి ఉంటుంది, దాంతో ఒక చక్రం బ్రేకు పట్టదు, మిగతా చక్రాలు వేడెక్కుతాయి. గాలి నింపి, ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ప్రతి చక్రం దగ్గరా పుష్‌రాడ్ ఎంత బయటికి వచ్చిందో స్కేలుతో కొలవాలి. చేతులకు గ్రీజు అంటుతుంది, గంట పడుతుంది. అంతకు మించి కష్టం లేదు.

టైరు గురించి కొంచెం. "టైరు పేలి అదుపు తప్పింది" అని పత్రికల్లో మనం తరచుగా చదువుతుంటాం. ముందు టైరు పేలి తరువాత గుద్దిందా, గుద్దినప్పుడు టైరు పేలిందా? గాలి తగ్గి చాలా దూరం నడిచిన టైరుకు పక్క గోడల లోపల రబ్బరు పొడి, చుట్టూ ఒరిపిడి గీత ఉంటాయి. గుద్దినప్పుడు రిమ్ముకూ అడ్డంకికీ మధ్య నలిగి తెగిన టైరుకు అవి ఉండవు. రిమ్ము రోడ్డును చెక్కిన గీత ఢీకొన్న చోటుకు ముందే ఉందా అన్నది కూడా చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అవి రాసుకోండి.

వేగం లెక్క విద్యార్థులకు కొత్త కాదు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద చక్రాలు బిగుసుకుని ఇరవై మీటర్ల గీత పడితే, ఘర్షణ గుణకం, అంటే రోడ్డు మీద టైరుకు ఉండే పట్టు, 0.7 అనుకుంటే, వేగం గంటకు సుమారు 60 కిలోమీటర్లు. అదే గీత వానలో పడితే, గుణకం 0.4కి తగ్గితే, సుమారు 45 మాత్రమే. గీత చివర బండి ఆగకుండా దేన్నైనా గుద్ది ఉంటే అసలు వేగం ఇంకా ఎక్కువ. వచ్చిన అంకె కనీసం ఇంత అని రాయాలే తప్ప ఇంతే అని రాయకూడదు. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి గీతలు చాలా లేతగా పడతాయి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వంగి చూస్తేనే కనపడతాయి. గీతలు లేవు కాబట్టి బ్రేకు వేయలేదని పంచనామాలో రాయకండి. ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది. మన రోడ్ల మీద, వడ్లు పరిచిన చోట కూడా, ఘర్షణ గుణకం కొలిచి పెడితే కోర్టులో అది ఎంతో అక్కరకు వస్తుంది. విద్యార్థులూ, ఈ పని చేయమని మిమ్మల్ని అడుగుతున్నాను.

డ్రైవరు మార్పిడి గురించి న్యాయవాదులకు నేను చెప్పాల్సిన పని లేదు. కారు నడిపింది యజమాని కొడుకు. లైసెన్సుతో స్టేషనుకు వచ్చేది ఇంకొకరు. ఇలాంటి కేసులో ముందుగా పెడళ్లు చూడండి. ముందు నుంచి బలంగా గుద్దుకున్నప్పుడు బ్రేకు మీద ఉన్న పాదం ఎంత ఒత్తిడితో అదుముతుందంటే, పెడలు రబ్బరు గీతలు చెప్పు అడుగున అచ్చుపడతాయి. అందుకే ఆసుపత్రిలో చేరిన ప్రతి ఒక్కరి చెప్పులూ, బూట్లూ పేరు రాసి విడివిడిగా భద్రపరచాలి. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు మీద ఉమ్మి, నెత్తురు, చర్మం నలుసులు ఉంటాయి, అవి డీఎన్‌ఏ పరీక్షకు పనికివస్తాయి. సీటు ఎంత ముందుకు జరిగి ఉందో కొలవండి, బాగా ముందుకు ఉంటే ఆరడుగుల మనిషి అందులో పట్టడు. సీటుబెల్టు పెట్టుకుని ఉంటే పట్టీ మీద, అది జారే కొక్కెం మీద ఒరుసుకున్న గుర్తు పడుతుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగును నడిపే పెట్టెలోనే గుద్దడానికి ముందు అయిదు సెకన్ల వేగం, బ్రేకు వివరాలు నమోదవుతాయి. బస్సులు, టాక్సీల్లో ట్రాకింగ్ పరికరం ఉంటే దాని సమాచారం సర్వరులో ఉంటుంది, లేఖ రాసి తెప్పించుకోవాలి.

గుద్ది పారిపోయిన కేసుల్లో రోడ్డు మీద పడిన పెంకులే దారి చూపుతాయి. హెడ్‌లైటు పెంకు మీద తయారీదారు గుర్తు, విడిభాగం నంబరు పోసి ఉంటాయి. దాంతో బండి రకం తెలుస్తుంది. అనుమానం ఉన్న బండి దొరికాక పెంకు అంచు దాని విరిగిన అంచుకు సరిగ్గా అతికితే ఇక వాదనకు చోటు లేదు. మృతుడి బట్టల మీది రంగు పొలుసులోనూ పొరలు ఉంటాయి. మళ్లీ రంగు వేయించిన బండికి పొరలు ఎక్కువ, వాటి వరస ఇంకో బండితో కలవడం అరుదు. కాబట్టి రోడ్డు ఊడ్చే ముందు చిన్న ముక్కను కూడా ఏరి కవర్లో వేయండి. ఎక్కడ ఏరారో కొలత రాయండి. బండి అడుగున గడ్డకట్టిన మట్టి దెబ్బకు రాలి పడుతుంది, రెండు బండ్లూ ఎక్కడ తగులుకున్నాయో ఆ మట్టి చెబుతుంది. ట్రాఫిక్ కదలగానే అది పోతుంది.

ఇంతా విన్న ఎస్‌ఐ గారికి ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. బండిని ఎన్నాళ్లు ఉంచుకోమంటారు? మోటారు వాహనాల చట్టం 136 సెక్షను, లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో బండిని తిరిగి ఇవ్వాలంటుంది. స్టేషన్లలో బండ్లను ఎండకూ వానకూ వదిలేయకుండా ఫొటోలు తీసి, పంచనామా చేసి, పూచీ తీసుకుని విడుదల చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన మాటే. లారీకి నెలనెలా వాయిదా కట్టుకునే యజమాని కూడా మన మనిషే. పైగా స్టేషను ఆవరణలో ఆరు నెలలు తుప్పు పట్టిన లారీ ఏ సాక్ష్యమూ ఇవ్వదు. బ్యాటరీ పోతుంది, బల్బులు పోతాయి, టైర్లు కూడా మారిపోతాయి.

కాబట్టి లారీని పంపించండి, బల్బును ఉంచండి. బల్బులు హోల్డరుతో సహా తీసి, ఎడమా కుడీ రాసి, దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి. ఆయిలు నమూనా సీసాలో, రంగు పొలుసులు కాగితపు పొట్లంలో. పేలిన టైరుంటే రిమ్ముతో సహా. జప్తు చేసేదంతా వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105 సెక్షను ఎలాగూ చెబుతోంది, ఆ వీడియోలో స్విచ్చి, గేరు స్థానం కూడా వచ్చేలా చూసుకోండి. క్రేనుతో లాగే ముందే ఫొటోలు తీయండి. గొలుసు చేసిన గీతలు, ప్రమాదం చేసిన గీతలు తరువాత కలిసిపోతాయి. తనిఖీ అధికారికి రాసే లేఖలో "తనిఖీ చేసి నివేదిక ఇవ్వగలరు" అని వదిలేయకండి. మీకు కావలసిన ప్రశ్నలు వరసగా రాయండి. అడగని ప్రశ్నకు ఏ అధికారీ జవాబు రాయడు.

న్యాయవాదులకు ఒక మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం మొదటి ప్రమాద నివేదిక 48 గంటల్లో, సవివర నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. తొంభై రోజులు ఆగి ఫైలు చూస్తే అప్పటికి బండి మేస్త్రీ చేతిలో బాగుపడి రోడ్డెక్కి ఉంటుంది. మృతుడి కుటుంబం మీ దగ్గరికి మొదటి వారంలోనే వస్తే, బల్బులు, టైర్లు తీసి ఉంచమని ఆ రోజే పిటిషను వేయండి.

చివరిగా శవాగారం సంగతి. పాదచారి కేసుల్లో కాలి ఎముక ఏ ఎత్తున విరిగిందన్నది బంపరు ఎత్తుతో పోల్చాలి. బ్రేకు వేస్తే బండి ముందు భాగం కిందికి దిగుతుంది, దెబ్బ బంపరు ఎత్తు కన్నా కింద పడుతుంది. ఈ పోలికకు ఎముక ఎక్కడ విరిగిందో మడమ నుంచి సెంటీమీటర్లలో కావాలి. "మోకాలి కింద" అని ఉంటే చాలదు. శవపరీక్ష కోసం ఎంజీఎం ఆసుపత్రికి పంపే లేఖలో ఈ ఒక్క కొలత కోసం ఒక వాక్యం రాయండి, డాక్టరుగారు కొలిచి రాస్తారు. ఇంకొకటి, బట్టలు. రంగు పొలుసు, గాజు నలుసు, టైరు ముద్ర అన్నీ వాటి మీదే ఉంటాయి. నెత్తుటి బట్టలు మూటకట్టి బంధువుల చేతికి ఇస్తే వాళ్లు దహనానికి ముందే కాల్చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. ఆ బట్టలు మీరే తీసుకుని, నీడలో ఆరబెట్టి, ఒక్కో బట్టను విడి కాగితంలో చుట్టి ప్రయోగశాలకు పంపండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, బూజు పడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.